ఇన్‌బాక్స్‌ ఖాళీ అయింది... ఇంటర్వ్యూ మెయిల్‌ పోయినట్టేనా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ మెయిల్‌, సొంత మెయిల్‌ రెండూ ల్యాప్‌టాప్‌లో ఒకే మెయిల్‌ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్నాను. మొదటి ఏడాది నుంచి వచ్చినవన్నీ ఇన్‌బాక్స్‌లోనే ఉంచేశాను. మొన్న తెరిచి చూస్తే ఒక్క మెయిల్‌ కూడా లేదు. వచ్చే వారం ఇంటర్వ్యూ వివరాలూ అందులోనే ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? ఇకముందు ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: ముందు ఇంటర్వ్యూ సంగతి చూడండి. మెయిల్స్‌ వెతుకుతూ రోజులు పోగొట్టుకోవద్దు. ఫోన్‌ నుంచో, బ్రౌజర్‌ నుంచో ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు ఈరోజే రాయండి: “నా కంప్యూటర్‌లో సమస్య వల్ల మీరు పంపిన ఇంటర్వ్యూ వివరాలు తెరవలేకపోతున్నాను. తేదీ, సమయం, లింక్‌ దయచేసి మరోసారి పంపగలరు.” కింద మీ పేరు, దరఖాస్తు చేసిన ఉద్యోగం, ఫోన్‌ నంబర్‌ ఉంటే చాలు. అంతకు మించి సంజాయిషీ వద్దు. ఇంటర్వ్యూకు చెప్పాపెట్టకుండా రాకపోతే చెడ్డపేరు కానీ, వివరాలు మళ్లీ అడిగితే కాదు.

బ్రౌజర్‌లో లాగిన్‌ అయినప్పుడే అక్కడి ఇన్‌బాక్స్‌ కూడా చూడండి. మీ ఖాతా ఐమ్యాప్‌ పద్ధతిలో ఉంటే అసలు మెయిల్స్‌ సర్వర్‌ మీదే ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో కనిపించేది వాటి ప్రతిబింబమే. అక్కడ ఉన్నాయంటే మీకు నష్టమేమీ లేదు. మెయిల్స్‌ను ల్యాప్‌టాప్‌లోకి దించుకునే పాప్‌ పద్ధతిలో పెట్టుకుని, దించుకున్నాక సర్వర్‌ మీద ఉంచొద్దని సెట్టింగ్‌ ఉంటే మాత్రం మీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నదే ఏకైక ప్రతి. అప్పుడు కాస్త ఓపిగ్గా పనిచేయాలి.

ఏ ప్రోగ్రామో మీరు రాయలేదు. థండర్‌బర్డ్‌ అనుకుని చెబుతాను. అందులో మామూలుగా ఒక ఫోల్డర్‌ అంటే డిస్క్‌ మీద ఒకే ఒక్క ఫైల్‌. వేల మెయిల్స్‌ ఉన్నా అన్నీ ఆ ఫైల్‌లోనే, ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. మీరు డిలీట్‌ చేసినా, వేరే ఫోల్డర్‌కు మార్చినా పాత మెయిల్‌ ఫైల్‌లోంచి వెంటనే పోదు. దాన్ని చూపించొద్దని ఒక గుర్తు పడుతుందంతే. నిజంగా తీసేసేది కాంపాక్ట్‌ చేసినప్పుడే, అంటే ఆ ఫైల్‌ను కుదించినప్పుడే. అందుకే ఇప్పుడు ఎవరు చెప్పినా కాంపాక్ట్‌ జోలికి వెళ్లకండి. అడుగుతూ బాక్స్‌ వచ్చినా వద్దనండి.

హెల్ప్‌ మెనూలో ట్రబుల్‌షూటింగ్‌ ఇన్ఫర్మేషన్‌ తెరిస్తే, మీ మెయిల్స్‌, సెట్టింగ్‌లు దాచే ప్రొఫైల్‌ ఫోల్డర్‌ ఎక్కడుందో కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌ మూసేసి ఆ ఫోల్డర్‌ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత, లోపల మెయిల్‌ అనే ఫోల్డర్‌లో మీ ఖాతా కింద రెండు ఫైళ్లు వెతకండి: ఏ ఎక్స్‌టెన్షనూ లేని ఇన్‌బాక్స్‌, ఎంఎస్‌ఎఫ్‌ (.msf)తో ముగిసే ఇన్‌బాక్స్‌. మొదటిది అసలు సరుకు, రెండోది సూచిక. మొదటి ఫైల్‌ వందల ఎంబీ ఉండి, ప్రోగ్రామ్‌లో మాత్రం ఖాళీగా కనిపిస్తోందంటే సాధారణంగా సూచికే పాడై ఉంటుంది. పుస్తకం వెనక సూచిక పేజీ చినిగితే పుస్తకం పోయినట్టు కాదు కదా. థండర్‌బర్డ్‌ మళ్లీ తెరిచి, ఇన్‌బాక్స్‌ ఫోల్డర్‌ మీద రైట్‌క్లిక్‌ చేసి, ప్రాపర్టీస్‌లో రిపేర్‌ ఫోల్డర్‌ నొక్కితే సూచిక మళ్లీ తయారవుతుంది. మెయిల్స్‌ అప్పటికీ రాకపోతే, కాపీ చేసుకున్న ఇన్‌బాక్స్‌ ఫైల్‌ను టెక్స్ట్‌ ఎడిటర్‌లో తెరిచి, పంపినవారి మెయిల్‌ అడ్రస్‌తో వెతకండి. అది టెక్స్ట్‌ ఫైలే కాబట్టి పాత మెయిల్‌ ఆనవాలు చాలాసార్లు దొరుకుతుంది.

ఇన్‌బాక్స్‌ ఫైలే మాయమైతే, లేదా సున్నా సైజుకు పడిపోతే, యాంటీవైరస్‌లో క్వారంటైన్‌ జాబితా చూడండి. ఏదో ఒక మెయిల్‌లో వైరస్‌ ఉందని అనుమానించి మొత్తం ఫైల్‌నే పక్కన పెట్టేయడం, అన్నీ ఒకే ఫైల్‌లో ఉంచే ఈ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం.

క్లాసిక్‌ ఔట్‌లుక్‌ అయితే పాప్‌ ఖాతా మెయిల్స్‌ పీఎస్‌టీ (.pst) ఫైల్‌లో ఉంటాయి. 2002 వెర్షన్‌ వరకు ఆ ఫైల్‌ 2 జీబీ దాటకూడదు, 2010 నుంచి మామూలు పరిమితి 50 జీబీ. పాడైతే స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేర్‌ టూల్‌ ఔట్‌లుక్‌తోనే వస్తుంది. దాన్నీ కాపీ తీసుకున్నాకే వాడండి.

ఇక ఫోల్డర్ల సంగతి. కొత్త మెయిల్‌ వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్‌ రాసేది ఇన్‌బాక్స్‌ ఫైల్‌లోనే, యాంటీవైరస్‌ కన్నూ దానిమీదే. పాడయ్యే అవకాశం ఎక్కువ ఉన్న చోటే మీరు మొదటి ఏడాది నుంచీ అన్నీ పోగేశారు. చదివి, జవాబిచ్చిన మెయిల్‌ ఆరోజే అక్కడి నుంచి కదలాలి. కానీ కంపెనీకో ఫోల్డర్‌ పెట్టే అలవాటు నాకు నచ్చదు. నెల తిరిగేసరికి ముప్పై ఫోల్డర్లవుతాయి, మెయిల్‌ ఎందులో వేశారో మీకే గుర్తుండదు. కంపెనీ పేరుతో వెతకడానికి సెర్చ్‌ ఉండనే ఉంది. దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ఆఫర్లు, చదువు అని నాలుగు ఫోల్డర్లు చాలు. ఏడాది మారినప్పుడు పాతవాటికి ఆ సంవత్సరం పేరుతో మరొకటి తెరవండి, ఏ ఫైలూ మరీ లావెక్కదు.

ఫిల్టర్లతో మాత్రం జాగ్రత్త. జాబ్‌ పోర్టల్స్‌ పంపే అలర్ట్‌లను ఆటోమేటిక్‌గా వేరే ఫోల్డర్‌కు పంపండి. కంపెనీల నుంచి నేరుగా వచ్చే మెయిల్స్‌కు ఆ పని చేయకండి. తెరవని ఫోల్డర్‌లో పడిన ఇంటర్వ్యూ పిలుపు వచ్చీ రానట్టే. స్పామ్‌ కూడా రోజూ ఓసారి చూడండి, జీమెయిల్‌ 30 రోజులు దాటిన స్పామ్‌ను దానంతట అదే తీసేస్తుంది. ట్రాష్‌కూ అదే గడువు. తర్వాత చూద్దామని ట్రాష్‌లో దాచేవాళ్లు ఉన్నారు, నమ్మండి!

పంపిన మెయిల్స్‌ ఫోల్డర్‌నూ వదలొద్దు. ఎవరికి ఏ రెజ్యూమె పంపారో ఇంటర్వ్యూ ముందురోజు చూసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ఆఫర్‌ లెటర్ల లాంటివి మెయిల్‌లో అటాచ్‌మెంట్‌గానే ఉంచకుండా విడిగా పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

కాంపాక్ట్‌ చెడ్డదేం కాదు. చేయకపోతే తీసేసిన మెయిల్స్‌ బరువుతో ఫైల్‌ పెరుగుతూనే ఉంటుంది. నెలకోసారి, ముందు బ్యాకప్‌ తీసి, ఛార్జర్‌ పెట్టి చేయండి. అది నడుస్తున్నంతసేపూ మెయిల్స్‌ ముట్టుకోకండి. ఉద్యోగ ప్రయత్నాలు సాగుతున్నన్నాళ్లూ వారానికోసారి ప్రొఫైల్‌ ఫోల్డర్‌ను బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఐమ్యాప్‌ ఉంది కదా అని ఇది మానొద్దు. ఫోన్‌లో పొరపాటున తీసేసిన మెయిల్‌ ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. చదువు పూర్తయ్యాక కాలేజీ మెయిల్‌ ఖాతా మూసేసే కాలేజీలు ఉన్నాయి. మీ ఖాతా ఎప్పటివరకు ఉంటుందో కాలేజీలో ఇప్పుడే కనుక్కోండి. కొత్త దరఖాస్తులన్నీ సొంత అడ్రస్‌తోనే పంపండి. పాతవాటిలో ఇంకా జవాబు రావాల్సినవి ఉంటే ఆ కంపెనీలకు అడ్రస్‌ మారిందని రాయండి. కాలేజీ ఖాతాలో మీకు కావాల్సిన మెయిల్స్‌ను థండర్‌బర్డ్‌లోని లోకల్‌ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఖాతా మూసినా అవి మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి.