రూ.11,800 బ్రేక్ బిల్లు: పాత కారు బాగు చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది 2012 వ్యాగన్ ఆర్. ఆర్‌సీ 2027 ఆగస్టు వరకు ఉంది. వెనక చక్రాల్లో బ్రేక్ తొక్కినప్పుడల్లా ఇనుము గీరిన చప్పుడు వస్తోంది. ఏటవాలులో హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదు. మెకానిక్ రూ.11,800 అవుతుందన్నాడు: డ్రమ్ములు రెండు 3,800, షూల సెట్ 1,200, వీల్ సిలిండర్లు రెండు 1,300, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు 1,700, బ్రేక్ ఆయిల్ 500, లేబర్ 3,300. బండి అమ్మితే లక్ష వస్తుందట. నా జీతం 32,000, ఎఫ్‌డీ 60,000 ఉంది. ఖర్చు పెట్టనా, ఈఎంఐలో కొత్తది తీసుకోనా? - ఖమ్మం పాఠకుడు

జవాబు: ముందు బండి ఆపేయండి. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి భాగం డ్రమ్ము, దాని లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపేది షూ. ఆ చప్పుడుకు అర్థం షూ మీద లైనింగ్, అంటే రాపిడి పొర, అరిగిపోయి, ఇనుము డ్రమ్మును కోస్తోందని. షూలతో, అంటే 1,200తో పోవాల్సిన పని రోజురోజుకీ డ్రమ్ముల ఖర్చును నెత్తికెత్తుతోంది.

అమ్మకం ధరతో ఈ బిల్లును పోల్చకండి. కొత్త కారుకు 5 లక్షల అప్పు 9.5 శాతం వడ్డీకి, అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 10,500. మీ జీతంలో మూడో వంతు, అదీ 60 నెలలు. ఈ బిల్లు మొత్తం కట్టినా ఒక్క నెల వాయిదా కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి బాగు చేయించండి.

అయితే ఎస్టిమేట్‌కు ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. డ్రమ్ములు విప్పాక మీరు దగ్గరుండి చూడండి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం, అంటే అరిగినా దాటకూడని అంకె, పోతపోసి ఉంటుంది. వర్నియర్ అనే కొలత పరికరంతో లోపలి వ్యాసం రెండు మూడు చోట్ల కొలవమనండి. ఒకేచోట కొలిస్తే గుండ్రం తప్పిన సంగతి తెలియదు. గాట్లు పోయేలా లేత్ పట్టించాక, అంటే మిషన్ మీద లోపలి గోడ నునుపు చేయించాక కూడా ఆ అంకె దాటకపోతే పాత డ్రమ్ములే చాలు, లేత్ కూలి పోను 3,800లో చాలా మిగులుతుంది. దాటేట్టుంటే మాత్రం బేరం వద్దు, కొత్తవే వేయించండి. పలచబడ్డ డ్రమ్ము వేడికి సాగుతుంది, పగలనూవచ్చు.

ఆయిల్ ఒత్తిడితో షూలను బయటికి తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు (తొడుగు) అంచు ఎత్తి చూస్తే లోపల తడి ఉందా అన్నది తెలుస్తుంది. తడి ఉంటే సిలిండర్ మార్చాల్సిందే. ఆయిల్ పీల్చిన షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం కొందరి అలవాటు, దానికి ఒప్పుకోవద్దు. షూలు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

కేబుళ్ల 1,700 ఇప్పుడే ఇవ్వకండి. లైనింగ్ అరిగితే హ్యాండ్ బ్రేక్ పట్టు కూడా పోతుంది. కొత్త షూలు బిగించి, షూకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే అడ్జస్టర్‌ను సెట్ చేసి, బ్రేక్ గొట్టాల్లో గాలి తీశాక, చివర్లో హ్యాండ్ బ్రేక్ సెట్ చేసి ఏటవాలులో చూడండి. అప్పటికీ పట్టకపోయినా, కేబుల్ బిగుసుకుపోయినా అప్పుడు మార్చండి. డ్రమ్ములు, కేబుళ్లు రెండూ తప్పితే బిల్లు లేత్ కూలితో కలిపి 7,000 చుట్టుపక్కల తేలుతుంది. మార్చిన పాత సామాను మీ చేతికి ఇమ్మనండి.

డబ్బు ఎఫ్‌డీలోంచే తీయండి. పాక్షికంగా తీసుకునే వీలుంటే 12,000 మాత్రమే తీయండి. ముందస్తుగా తీసినందుకు 1 శాతం వడ్డీ కోత పడినా ఏడాదికి 120 రూపాయలే. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఆ రెంటి మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. బీమా మీద ఆశ పెట్టుకోకండి, వాడకంలో అరిగిన భాగాలకు మోటార్ పాలసీ డబ్బివ్వదు.

అసలు పెద్ద ఖర్చు ఆర్‌సీ దగ్గర వస్తుంది. 15 ఏళ్లు నిండి 20 ఏళ్లు దాటని కారు ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. దానికి పాత బండ్లపై వేసే గ్రీన్ టాక్స్, రవాణా శాఖ తనిఖీకి ముందు చేయించే చిల్లర రిపేర్లు తోడవుతాయి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ నెల నుంచే 1,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. తనిఖీలో బ్రేకులు కూడా చూస్తారు కాబట్టి, ఇప్పుడు పెట్టే ఖర్చు అక్కడా పనికొస్తుంది.