మీ అత్తగారి నొప్పి మందుల సంగతి

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కేస్ షీట్ ఫొటోలు చూశాను. పడిన మర్నాడే ఆపరేషన్ అయిపోవడం మంచిదైంది. తుంటి విరిగిన పెద్దవాళ్ళకు ఎంత ఆలస్యమైతే అంత చేటు. ‘వీటిలో ఏది పవర్‌ఫుల్ పెద్దమ్మా’ అని అడిగావు. ఆ లెక్క పక్కన పెట్టు. సర్జికల్ వార్డులో సిస్టర్‌గా చేసినన్నాళ్ళూ నేను చూసుకున్నవి రెండే. ఫిజియోథెరపీ అబ్బాయి లేపితే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలుగుతోందా, అడిగినదానికి తెలివిగా జవాబు చెబుతోందా. పడుకుని ఉండగా ‘నొప్పేం లేదులే’ అన్నది లెక్కలోకి రాదు. మీ అత్తగారు కోడలి ముందు అసలే చెప్పదు. పక్కకు తిప్పేటప్పుడు ఆవిడ మొహం చూడు.

నిన్నంతా హాయిగా ఉండి రాత్రికి గోల పెట్టిందన్నావు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు తొడ పైభాగంలో నరాల బ్లాక్ ఇచ్చినట్టు షీట్‌లో ఉంది. దాని ప్రభావం ఒక పూటో, ఒక రోజో, అంతే. అది దిగిపోగానే అసలు నొప్పి బయటపడింది. కుట్లు చెడిపోయాయేమోనని టెన్షన్ పడకు. అయినా డ్రెస్సింగ్ మార్చేటప్పుడు డాక్టరుగారికి ఒక మాట చెప్పు.

ఏ మందు వేసినా పారాసిటమాల్ దానికి పునాది. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. ఆవిడ 45 కిలోలు. కిలోకు 15 మి.గ్రా. చొప్పున పూటకు ఒక 650 మాత్ర, రోజుకు నాలుగు దాటకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అల్ట్రాసెట్ అని రాసిచ్చేదానిలో ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందుతో పాటు 325 మి.గ్రా. పారాసిటమాల్ కూడా ఉంటుంది. దానిమీద మళ్ళీ డోలో, అంటే ఆ పారాసిటమాలే, వేస్తే రెండూ కలుస్తాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర జోలికి మాత్రం పోవద్దు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆవిడకు 1.9 ఉంది, ఎక్కువే, కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి.

ఇక ట్రమడాల్. మన దగ్గర ఎక్కువగా రాసేది ఇదే, చాలామందికి సరిపోతుంది కూడా. కానీ వాంతులు, కళ్ళు తిరగడం ఎక్కువ. పెద్దవాళ్ళలో ఒక్కోసారి సోడియం, షుగర్ పడిపోతాయి. మావయ్యగారు పోయాక ఆవిడ రోజూ దిగులుకి ఎస్సిటలోప్రామ్ మాత్ర వేసుకుంటోంది కదా, దానికీ ట్రమడాల్‌కీ పడదు. వణుకు, చెమటలు, కంగారు పట్టుకుంటాయి, ఫిట్స్ వచ్చే ప్రమాదమూ ఉంది. ఆ మాత్ర సంగతి షీట్‌లో ఎక్కడా కనిపించలేదు నాకు. రేపు రౌండ్స్‌లో ముందు అదే చెప్పు. అలాగని ఎస్సిటలోప్రామ్‌ని నువ్వే ఆపేయకు.

టాపెంటడాల్ అని ట్రమడాల్ లాంటిదే ఇంకో మందు ఉంది, దానితో వికారం కొంచెం తక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు మాత్రం ఇవ్వరు. ఎస్సిటలోప్రామ్‌తో దీనికీ జాగ్రత్త కావాలి.

ఒంటి మీద అంటించే బుప్రెనార్ఫిన్ నొప్పి మందు ప్యాచ్ కిడ్నీ పరంగా నాకు నచ్చుతుంది, వారానికొకటి మారుస్తారు. కానీ అది నిదానంగా ఎక్కుతుంది. పట్టు దొరకడానికి ఒక రోజు పైనే పడుతుంది, పూర్తి బలం రావడానికి మూడు రోజులు. ఈ రాత్రి నొప్పికి అది మందు కాదు. ‘పనిచెయ్యట్లేదు’ అని రెండోది అంటించే ఇళ్ళు చూశాను. అది తప్పు. వెంట్రుకలు లేని పొడి చోట అంటించి, తేదీ, టైమ్ రాసిపెట్టు. దానిమీద వేడినీళ్ళ సంచీ, హీటింగ్ ప్యాడ్ పెట్టొద్దు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి పారెయ్యి, చిన్నదాని చేతికి చిక్కకూడదు. ఎవరైనా ఫెంటనైల్ ప్యాచ్ అన్నారంటే ఒప్పుకోకు. అది అప్పటికే పెద్ద డోసులకు అలవాటుపడ్డ శరీరాలకు, ముఖ్యంగా క్యాన్సర్ నొప్పికి. కొత్తవాళ్ళకు ఊపిరి ఆగిపోతుంది.

మీ ఆడపడుచు ‘మార్ఫిన్ వద్దు, అలవాటైపోతుంది’ అందట. నాలుగు రోజుల ఆపరేషన్ నొప్పికి లెక్కచూసి ఇస్తే ఆ భయం పెద్దగా అక్కర్లేదు. చివరి రోజుల్లో వాడే మందు అన్న పేరు కూడా దానికి ఊరికే పడింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ మాత్రలు వేసుకుని తమ పనులు తాము చేసుకునేవాళ్ళున్నారు. మీ అత్తగారికి వద్దనడానికి నాకున్న కారణం వేరు. కిడ్నీ సరిగా లేకపోతే మార్ఫిన్ విరిగి వచ్చే పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది, మనిషి మగతలోకి జారుతుంది. ఆసుపత్రిలో ఉండగా పెద్ద నొప్పి వస్తే ఫెంటనైల్ ఇంజెక్షన్ కొద్దికొద్దిగా ఇవ్వొచ్చేమో అడుగు.

రాత్రి నిద్రకని వేసుకునే అల్ప్రజోలమ్ సంగతి కూడా దాచకండి. ట్రమడాల్, మార్ఫిన్, ప్యాచ్ లాంటి ఈ మందుల్లో దేనితో కలిసినా అది ప్రమాదమే. ఏళ్ళుగా అలవాటైన మాత్ర కాబట్టి ఒక్కసారిగా ఆపేయడమూ మంచిది కాదు, డాక్టరుగారే తేల్చాలి. అల్లుడుగారికి ఊపిరి లెక్కపెట్టడం నేర్పు. పొట్ట మీద చెయ్యి పెట్టి నిమిషానికి ఎన్నో చూడాలి. పదికి తగ్గినా, గురక పెడుతూ పిలిచినా లేవకపోయినా ప్యాచ్ పీకేసి నర్సును పిలవాలి, ఇంట్లో అయితే 108కి చెయ్యాలి.

సాయంత్రాలు పొంతన లేకుండా ఏదో ఒకటి మాట్లాడుతోందన్నావు. అన్నీ మందు మీదికే తోసేయకు. నొప్పి తగ్గకపోయినా, ఉచ్చ బిగుసుకున్నా, సోడియం తగ్గినా అలాగే ఉంటుంది. కళ్ళజోడు పెట్టు, లైటు వేసి ఉంచు, రక్తపరీక్ష అడుగు.

మలబద్ధకానికి మందు మొదటిరోజు నుంచే కావాలి. ఇసబ్‌గోల్ ఒక్కటే చాలదు, నీళ్ళు తక్కువ తాగితే ఇంకా బిగుస్తుంది. లాక్టులోజో, బిసాకోడిలో రాయించు.

డిశ్చార్జి రోజున ఈ మాత్రలు ఎన్నాళ్ళు, ఎలా తగ్గించాలి అని కాగితం మీద రాయించుకో. ట్రమడాల్‌ని 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకపోతే మెడికల్ షాపువాడు ఇవ్వడు, ఇస్తే అలాంటి చోట కొనకు. మిగిలినవి మీ నాన్నగారి మోకాళ్ళ నొప్పికని దాచిపెట్టొద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ