మక్కా మసీదుకు పొద్దున వెళ్లండి, శుక్రవారం మాత్రం వద్దు

అమ్మానాన్నలతో హైదరాబాద్‌లోని మక్కా మసీదు చూడాలనుకుంటున్నాం, మేం ముస్లింలం కాదు, లోపలికి రానిస్తారా, ఏ టైంలో వస్తే బాగుంటుంది అని ఒకరు అడిగారు.

రానిస్తారండీ. టికెట్ లేదు. విశాలమైన ఆవరణలో అందరూ తిరగొచ్చు. నమాజు జరిగే పెద్ద హాల్లోకి మాత్రం సందర్శకులను సాధారణంగా పంపరు. కమానుల బయట నిలబడి లోపలికి చూడొచ్చు. కాపలావాళ్లు ఏ గీత దగ్గర ఆపితే అక్కడే ఆగండి, వాదించకండి. అది ఇప్పటికీ రోజుకు ఐదు పూటలా నమాజు జరిగే చోటు.

ఆదివారమైనా సరే, పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య చేరుకోండి. మసీదు పడమటి దిక్కుకు కట్టింది కాబట్టి హాలు ముఖం తూర్పుకు ఉంటుంది. పొద్దుటి ఎండ నేరుగా ఐదు కమానుల మీద పడి రాతి చెక్కడాలు స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రం సూర్యుడు హాలు వెనక్కి పోతాడు, ఫోటోలో కట్టడమంతా నల్లగా వస్తుంది. ఇంకో కారణం కాళ్లు. చెప్పులు బయటే వదలాలి. ఎండాకాలం పదకొండు దాటితే ఆవరణలో బండలు కాలిపోతుంటాయి, పెద్దవాళ్లు నాలుగడుగులు కూడా వేయలేరు. మేజోళ్లు వెంట ఉంచుకోండి. పావురాలు ఎక్కువ కాబట్టి నేల కూడా చూసుకుని నడవాలి.

శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు ఆవరణంతా నిండిపోతుంది. పక్కనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా శుక్రవారమే సెలవు. రెండూ కలిపి చూద్దామనుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రంజాన్ నెలలో సాయంత్రాలు పెద్దవాళ్లతో రావద్దు.

మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కండి. అఫ్జల్‌గంజ్, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా వస్తారు. చార్మినార్ చుట్టూ నడకే కాబట్టి ఆటో కాస్త ముందే ఆగుతుంది. సొంత కారు తేవద్దు, పార్కింగ్ వెతకడంలోనే పొద్దుటి వెలుగు పోతుంది. మసీదు చార్మినార్‌కు నైరుతిలో కూతవేటు దూరం. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. 2007 మే 18న ఇక్కడ బాంబు పేలింది, అందుకే పోలీసులు గట్టిగా చూస్తారు. పెద్ద సంచులు తేకండి. నిక్కర్లు, పొట్టి బట్టలు వద్దు. ఆడవాళ్లు తలకు కప్పుకోవడానికి చున్నీ తెచ్చుకోవాలి. చెప్పులు చూసేవాళ్లకు ఇవ్వడానికి చిల్లర ఉంచుకోండి.

ఇక ఏం చూడాలి? అన్నిటికంటే ముందు రాయి. హాలు సుమారు 67 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. కప్పు బరువును మూడు వైపులా ఐదేసి చొప్పున పదిహేను కమానులు మోస్తున్నాయి. నాలుగోది పడమటి గోడ. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, గోడలోని ప్రార్థన గూటికి వాడిన ఒక్క బండను తవ్వి తీయడానికే ఐదారువందల మందికి ఐదేళ్లు పట్టిందని, లాగడానికి 1,400 ఎడ్లు కావాల్సి వచ్చిందని రాశాడు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు నడిమి కమానులో పెట్టారని, ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు.

మొఘలుల మసీదు అని చాలామంది అంటారు కానీ అది సగం నిజమే. 1617లో మొదలుపెట్టింది కుతుబ్‌షాహీ సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా. మన రామదాసు కథలోని తానీషా కాలానికీ పూర్తి కాలేదు. 1687లో గోల్కొండ మొఘల్ చక్రవర్తి ఔరంగజేబు వశమైంది, 1694లో ఆయనే కట్టడం ముగించాడు. హాలు మూలల్లో మినార్లను కాసేపు చూడండి. అంత బరువైన కట్టడానికి అవి పొట్టిగా అనిపిస్తాయి. మొదట అనుకున్నంత ఎత్తు లేపకుండా ఔరంగజేబు పని ఆపేయించాడని అంటారు. కమానుల మీది పూల చెక్కడాలు, ఖురాన్ వాక్యాలు మాత్రం తీరిగ్గా చూడదగ్గవి.

హాలుకు ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు, దక్షిణాన, వరుసగా పాలరాతి సమాధులుంటాయి. రెండో నిజాం అలీఖాన్ నుంచి 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా ఇక్కడే ఉన్నారు. మూడో నిజాం సికందర్ జా పేరే సికింద్రాబాద్‌కు, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరే మీరు దాటి వచ్చిన అఫ్జల్‌గంజ్‌కు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ సమాధి ఇక్కడ వెతక్కండి, అది కింగ్ కోఠీ దగ్గర జూదీ మసీదులో ఉంది.

ఆవరణలో వజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం, చేసుకునే హౌజు (నీళ్ల తొట్టి), దగ్గర్లో రాతి బల్లలు ఉన్నాయి. అమ్మానాన్నలను అక్కడ కూర్చోబెట్టొచ్చు. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వస్తారని నానుడి. హౌజు నీళ్లలో ఆడుకుంటూ చేతులు పెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు, ఎప్పుడూ వెనక నుంచే. వాళ్ల ఫోటోలు తీయకండి. అజాన్ (నమాజు పిలుపు) వినపడగానే పక్కకు జరిగి కూర్చోండి లేదా బయటికి వచ్చేయండి.

మొత్తం గంట చాలు. తొమ్మిదిన్నరకల్లా బయటపడితే చౌమహల్లా పదింటికి తెరుస్తారు, నడిచే వెళ్లొచ్చు. లాడ్‌బజార్‌లో గాజుల కొట్లు మెల్లగా తెరుస్తారు కాబట్టి అది ఆఖర్న పెట్టుకోండి.