కట్టించుకోవాలా, కట్టింది కొనాలా? రెండూ చేసినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఒకవైపు ఖాళీ స్థలం బేరానికి వచ్చింది, ఇంకోవైపు పన్నెండేళ్ల కిందట కట్టిన ఇల్లు అమ్మకానికి ఉంది. రెంటిలో ఏదో ఒకదానికే లోన్ వస్తుంది. ఏది మేలు?

నేను ముందు ఇల్లు కట్టించాను. ఎనిమిదేళ్ల తర్వాత ఉద్యోగం మారి, దాన్ని అమ్మేసి, పద్దెనిమిదేళ్ల పాత ఇల్లు ఒకటి కొన్నాను. ఇప్పుడు అందులోనే ఉంటున్నాం. ఈ విషయం ఎవరిని అడిగినా డబ్బు లెక్కతో మొదలుపెడతారు. నేనైతే ముందు అడిగేది ఒకటే: పని జరిగే రోజుల్లో సైట్ దగ్గర మీ తరఫున ఎవరుంటారు?

మాకు మా మామగారు ఉన్నారు. అప్పుడే రిటైరయ్యారు. పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ, నోట్‌బుక్ పట్టుకుని సైట్‌కి వెళ్లేవారు. ఆ రోజు ఎన్ని సిమెంటు బస్తాలు విప్పారు, ఎంతమంది కూలీలు వచ్చారు, అన్నీ రాసేవారు. స్లాబ్ వేసిన రోజు నాకు ఇంకా గుర్తే. కాంక్రీటు గట్టిగా ఉంది, పారతో సర్దడం కష్టంగా ఉందని ఒక కుర్రాడు నీళ్ల పైపు తెచ్చి దాని మీద వదలబోయాడు. అలా పోసిన అదనపు నీరు తర్వాత ఆరిపోతుంది, అది ఉన్న చోట సన్నని ఖాళీలు మిగులుతాయి, స్లాబ్ బలం తగ్గుతుంది, వానాకాలం వస్తే కారుతుంది. ఇదంతా ఇంజనీరు మాకు ముందే చెప్పి ఉన్నాడు. మామగారు ఒక్క మాట అనకుండా వెళ్లి పైపు మీద కాలు వేసి నిలబడ్డారు. మేస్త్రీ నవ్వేసి, కుర్రాణ్ణి కసిరాడు.

మర్నాటి నుంచి స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపడం. కాంక్రీటుకి పూర్తి బలం రావడానికి 28 రోజులు లెక్క వేస్తారు, అందులో సుమారు మూడింట రెండు వంతులు మొదటి వారంలోనే వస్తుంది. అంటే ఆ వారం ఎండనిస్తే పోయిన బలం తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా తిరిగి రాదు. తొమ్మిదో రోజు సెంట్రింగ్ వాళ్లు, అంటే స్లాబ్ కింద చెక్కలు, సపోర్టులు కట్టినవాళ్లు, వచ్చి చెక్కలు విప్పేస్తామన్నారు, ఇంకో సైట్‌కి కావాలట. మా హాలు పదిహేను అడుగులు దాటింది కాబట్టి కింద సపోర్టులు కనీసం 14 రోజులు ఉంచమని ఇంజనీరు చెప్పాడు. మామగారు ఉన్నారు కాబట్టి ఉంచారు.

ఒకసారి ఆయనకి జ్వరం వచ్చి వారం రోజులు వెళ్లలేదు. సరిగ్గా ఆ వారమే బాత్రూమ్ టైల్స్ వేశారు. నేను సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్లి సెల్‌ఫోన్ లైట్లో చూసి బాగుందన్నాను. కాపురం పెట్టాక తెలిసింది, నీళ్లు బయటికి పోయే జాలీ వైపు కాకుండా తలుపు వైపు వస్తున్నాయి. ఒక్క బక్కెట్ నీళ్లు పోసి చూసుంటే ఆ రోజే తెలిసేది. టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించాం. కాంట్రాక్టర్ మంచివాడే, కానీ ఆయనకి అదే సమయంలో ఇంకో నాలుగు సైట్లు ఉన్నాయి.

రెండో సంగతి, నిర్ణయాలు. నచ్చినట్టు కట్టుకోవచ్చు అంటే నెలల తరబడి రోజూ ఏదో ఒకటి తేల్చి చెప్పాలని అర్థం. నేల మీద ముగ్గు పోసిన రోజు మా ఆవిడ గదులు చూసి బిత్తరపోయింది, "ఇంతేనా?" అని. ఖాళీ నేల మీద గీతలు చూస్తే అందరికీ అలాగే అనిపిస్తుందట, చాలామంది అక్కడికక్కడే గదులు పెంచేసి ఖర్చు పెంచుకుంటారు. మేము మంచం కొలతకి తాడు పరిచి, చుట్టూ నడిచి చూసి, ఊరుకున్నాం. తర్వాత ఎలక్ట్రీషియన్ వంతు. పొద్దున ఏడింటికే ఫోన్: "సార్, బోర్డు తలుపుకి ఇటా అటా?" నిద్రమత్తులో ఇటు అన్నాను. తలుపు తెరిస్తే స్విచ్‌లు దాని వెనక్కి పోయాయి. ఎనిమిదేళ్లు తలుపు వెనక చెయ్యి పెట్టి లైటు వేసుకున్నాం. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దాయన ఈ స్విచ్ బోర్డుల కాలం చూడలేదు, చూసుంటే ఇంకో రెండు మాటలు కలిపేవాడు.

ఖర్చు సంగతి క్లుప్తంగా. చదరపు అడుగుకి ఇంత అని చెప్పే రేటులో ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు, కరెంటు కనెక్షన్, అల్మరాలు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మాకు అనుకున్నదాని కంటే ఐదో వంతు ఎక్కువైంది, పదకొండు నెలలన్నది పదిహేడైంది. కట్టే ఇంటికి లోన్ దశలవారీగా ఇస్తారు, అప్పటిదాకా ఇచ్చిన మొత్తం మీద వడ్డీ నడుస్తుంటుంది. ఇటు అద్దె, అటు వడ్డీ. ఆలస్యమైన ఆరు నెలలు ఆ రెండూ కలిపి కట్టాం. అసలు టెన్షన్ అదే.

ఇక కొన్న ఇల్లు. పాత ఇంటికి ఉన్న గొప్ప సుగుణం, అది ఇప్పటికే చాలా వానలు చూసేసింది. దాని రోగాలు బయటపడే ఉంటాయి, కాకపోతే అమ్మేవాళ్లు వాటి మీద రంగు వేస్తారు. మేము చూసిన మొదటి ఇంట్లో ఒక్క గోడకే కొత్త పెయింట్ వాసన వచ్చింది. పక్కనున్న బీరువా జరిపితే, దాని వెనక గోడ అడుగున రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతోందన్నమాట. పైకప్పు కారితే బాగు చేయించొచ్చు, వైరింగ్ మార్చొచ్చు. ఈ చెమ్మని ఆపడం మాత్రం పెద్ద పని. వద్దనుకుని వచ్చేశాం.

రెండో ఇంటికి, అంటే ఇప్పుడున్న దానికి, మాకు తెలిసిన ఇంజనీర్ని తీసుకెళ్లాను. ప్లాస్టర్ మీద వెంట్రుకలాంటి పగుళ్లు చూసి నేను కంగారుపడితే, అవి ప్లాస్టర్ ఆరేటప్పుడు వచ్చేవే అన్నాడు. ఆయన వెతికింది వేరే: కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోతూ ఒక చివర వెడల్పయ్యే పగులు, అంటే పునాది ఎక్కడో కుంగిందేమోనని; ఇంకా, స్లాబ్ అడుగున పెచ్చులు ఊడి తుప్పు మరకలు కనిపించే చోటు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని నెట్టేస్తుంది. చిన్న కర్రతో టైల్స్ తడుతూ నడిచాడు, డొల్లగా మోగిన నాలుగింటి మీద గీత పెట్టాడు. బాత్రూమ్‌లో బక్కెట్ నీళ్లు నేనే పోశాను, ఆ పాఠం మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు కదా. కాగితాలు లాయరుకి చూపించాం, అనుమతి ఉన్న ప్లాన్‌కీ కట్టినదానికీ తేడా లేదని తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాం.

లోటు లేదా అంటే ఉంది. కట్టించిన ఇంట్లో వంటగట్టు మా ఆవిడ ఎత్తుకి సరిపడా కాస్త ఎత్తుగా పెట్టించాం, ఉదయం ఎండ నేరుగా దాని మీద పడేది. ఈ ఇంట్లో గట్టు పొట్టిది, సాయంత్రానికి నడుం నొప్పి అంటుంది. ఎప్పటికైనా మార్పించాలి. ఎండని మాత్రం తేలేం, పక్క ఇంటి గోడ అడ్డం.

మీరిద్దరూ తొమ్మిదింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వస్తామన్నారు, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరన్నారు. వారానికి నాలుగైదు రోజులు సైట్‌కి వచ్చి చూసే ఇంజనీరుకి విడిగా ఫీజు ఇవ్వగలిగితే స్థలం గురించి ఆలోచించండి, ఆ ఇంజనీరు కాంట్రాక్టర్ మనిషి కాకూడదు. లేకపోతే నా ఓటు ఆ పన్నెండేళ్ల ఇంటికే. గట్టిగా వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి చూడండి. బీరువాలు జరపమని అడగండి, మొహమాటపడకండి.