ఒక్క హిట్ పాట జీవితాంతం పోషిస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. అది మానేసి మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలో చేరతానంటున్నాడు. ఒక్క పాట హిట్టయితే ప్రకటనల నుంచి, సినిమాల నుంచి జీవితాంతం రాయల్టీ వస్తుందట. నిజంగా అంత వస్తుందంటే ఒప్పుకుంటాను. బీటెక్, డిప్లొమాలలో ఏది మేలు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీరు అడిగింది రాయల్టీ గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మూడేళ్లుగా కట్టిన ఫీజులు, రేపు బంధువులకు చెప్పుకోవలసిన సమాధానం అని నాకు అర్థమవుతోంది. ఆ దిగులు తప్పు కాదు. అయితే ముందు మీ అబ్బాయి చెప్పే లెక్క చూద్దాం.

పాత పాటను ప్రకటనలో వాడాలంటే రెండు అనుమతులు కావాలి: సాహిత్యానికీ బాణీకీ ఒకటి, రికార్డింగుకు మరొకటి. కొత్త గొంతుతో పాడించుకుంటే రెండోది అక్కర్లేదు గాని, మొదటిది తప్పదు. కొన్ని సెకన్లయితే ఉచితమనే ప్రచారానికి మన చట్టంలో ఆధారం లేదు. ఎన్ని సెకన్లు, ఏయే రాష్ట్రాల్లో, టీవీలోనా యూట్యూబ్‌లోనా, ఎన్ని నెలలు అన్నదాన్ని బట్టి ధర బేరంలో తేలుతుంది. గడువు తీరాక కొనసాగించాలంటే మళ్లీ చెల్లించవలసిందే. కొత్త సినిమాలో పాత పాట వాడుకున్నా అనుమతులు ఇవే.

ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్నదే అసలు సంగతి. ఒకప్పుడు రచయిత, సంగీత దర్శకుడు ఒకేసారి పారితోషికం పుచ్చుకునేవారు. హక్కులు నిర్మాతకు, ఆయన నుంచి ఆడియో కంపెనీకి వెళ్లేవి. ఒప్పందంలో వేరుగా లేకపోతే నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే మీరు టీవీలో వినే చాలా పాత పాటల ఫీజు కంపెనీలకే పోతుంది. కాపీరైట్ చట్టానికి 2012 సవరణ వచ్చాక, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం మినహా ఇతర వినియోగాల్లో రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో హక్కులు తీసుకున్నవారితో సమాన వాటా ఉంటుంది. దానిని వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వడం కుదరదు. రేడియోలు, హోటళ్లు, కచేరీల నుంచి రాయల్టీ వసూలు చేసి సభ్యులకు పంచే ఐపీఆర్‌ఎస్ అనే కాపీరైట్ సంఘం 1969 నుంచీ ఉంది. రచయిత, స్వరకర్తల హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ల దాకా నిలుస్తుంది. కాబట్టి మీవాడు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. హిట్ కావడం ఎంత అరుదో మాత్రం చెప్పలేదు.

డిప్లొమా విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి. ఈ కోర్సులు ఇప్పుడు ఫ్యాషన్. లక్షల ఫీజు తీసుకుని సాఫ్ట్‌వేర్ వాడటం బాగానే నేర్పుతారు, స్టూడియోలో ఫొటో దిగనిస్తారు. ఒప్పందం చదవడం, క్యూ షీట్ నింపడం మాత్రం చాలాచోట్ల చెప్పరు. క్యూ షీట్ అంటే ఏ పాట ఎన్ని సెకన్లు వినిపించింది, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, హక్కుదారు ఎవరు అని వరుసగా నమోదు చేసే పట్టిక. అందులో పేరు తప్పు పడితే డబ్బు దారి తప్పుతుంది. కృష్ణానగర్‌లో మ్యూజిక్ ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాళ్లకు కొదవ లేదు; ఈ కాగితాలు తెలిసినవారు అరుదు. అవి నేర్చుకోవాలంటే డిగ్రీ చేతికొచ్చాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో మీడియా చట్టాల డిప్లొమా అందిస్తోంది. బీటెక్ మిగిలింది ఎంతో లేదు, పూర్తి చేయించండి. బాణీలకు అది అడ్డు రాదు.

ఇక మీ సంగతి. ‘అంత వస్తుందంటే ఒప్పుకుంటాను’ అన్నారు. శంషాబాద్‌లో ప్లాటు కొనేవాడు అడిగే ప్రశ్న ఇది. వాడు ఏం వాయిస్తాడో, మీరు ఎప్పుడైనా విన్నారో, ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. వినకుండా కాదనడం ఎంత తప్పో, వినకుండా డబ్బు కోసం సరేననడమూ అంతే తప్పు. మూడో ఏట దారి మార్చుకోవాలనుకునే పిల్లలు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఇంట్లో మాట సాగినంతకాలం వారిలో చాలామంది కుదురుకున్నారు, మీవాడూ కుదురుకుంటాడు.

ఈలోగా ఎవరైనా వాడి పాట తీసుకుంటామంటే, సంతకానికి ముందు ఆ ఒప్పందాన్ని ఇంటికి తెప్పించుకుని మీరూ చదవండి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకే పరిగణిస్తుంది. ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా’ అని రాసి ఉంటే ఆ రెండు రక్షణలూ వర్తించవు.