పాఠకుల ప్రశ్నలు: పల్లె సంఘం చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూలు జిల్లాలో చిన్న మెన్నోనైట్ బ్రదరెన్ (ప్రొటెస్టంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) సంఘం. చరిత్ర పుస్తకం వేద్దామంటే మొదటి అడుగులోనే పేచీ. సంఘం 1889లో మొదలైందని కొందరు, గుడి శంకుస్థాపన రాయి మీదున్న ఏడాదే సరైనదని కొందరు. ఏది రాయాలి?

జవాబు: రెండూ వద్దు. 1889లో వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలవారే అయినా, నల్లగొండలో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషను కింద. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ల సొంత మిషనరీలు హైదరాబాదు చేరింది 1899లో. మీ వైపు పనికి ఆద్యుడు డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్, ఆయన ఈ దేశానికి వచ్చింది 1904లో. ఇక శంకుస్థాపన రాయి కట్టడం వయసే చెబుతుంది. అంతకు ముందు ఇళ్లలో, చెట్ల కింద కూడిన ఏళ్లు దానికి పట్టవు.

మీ ఊరివాళ్లు మొదటిసారి బాప్తిస్మం పొందిన రోజు నుంచి లెక్కపెట్టండి. 1525 జనవరి 21న జ్యూరిక్‌లో పెద్ద వయసువాళ్లు తమ విశ్వాసం ఒప్పుకొని బాప్తిస్మం తీసుకోవడంతోనే మెన్నోనైట్లకు మూలమైన అనబాప్తిస్టు ఉద్యమం పుట్టింది. పల్లెలోనూ సంఘం పుట్టుక అదే. కాబట్టి ముందు వెతకాల్సింది బాప్తిస్మ రిజిస్టరు. మీ పాస్టరు దగ్గర లేకపోతే పాత మిషను కేంద్రంలో అడగండి. మొదటివాళ్లు అక్కడికి నడిచి వెళ్లి బాప్తిస్మం తీసుకొని ఉంటే, వాళ్ల పేర్లు ఆ కేంద్రం పుస్తకంలోనే ఉంటాయి.

రిజిస్టరు దొరికితే అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, పగటి వెలుగులో వరుసగా ఫొటోలు తీయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు పసుపెక్కి సిరాను తినేస్తుంది. ఎత్తిరాసేటప్పుడు పేరుతోపాటు తండ్రి లేదా భర్త పేరు, ఊరు, తేదీ, బాప్తిస్మమిచ్చినవారు, పక్కన రాసిన గమనిక, అన్నీ రాయండి. ఎక్కువ తప్పులు పేర్ల దగ్గరే వస్తాయి. బడి పుస్తకంలో ఎల్లయ్య, బాప్తిస్మ పుస్తకంలో యోహాను ఒకే మనిషి కావచ్చు. తండ్రి పేరు, ఊరు కలిస్తే తప్ప ఇద్దరినీ ఒకరని తేల్చకండి.

మిషను నివేదికల్లో సభ్యుల సంఖ్య చూసి సంఘం మరీ చిన్నదనుకోవద్దు. బాప్తిస్మం పొందినవారే సభ్యులు. పిల్లలు ఆ లెక్కలో ఉండరు.

ప్రశ్న: పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తులేవు. గుడి స్థలం కాగితం ఉర్దూలో ఉంది, 1342 ఫసలీ, తీర్ నెల అని చదివించుకున్నాం.

జవాబు: హైదరాబాదు రాజ్యపు ఫసలీ ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది. ఇంగ్లీషు ఏడాది తెలియాలంటే ఫసలీ ఏడాదికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, ఆ తర్వాత 591 కలపాలి. తీర్ ఎనిమిదో నెల గనుక మీ కాగితం 1933 మే ప్రాంతానిది.

పెద్దవాళ్లను సంవత్సరం అడగకండి. "రజాకార్ల గొడవకు ముందా, తర్వాతా?" అంటే 1948కి ఇటో అటో తేలుతుంది. ఒక్కొక్కరినీ విడిగా అడగండి. నలుగురిలో కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి మాటే అందరి జ్ఞాపకం అయిపోతుంది. బైబిలు ఉమెన్ల గురించి ముసలమ్మలను తప్పక అడగండి. ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పిన ఆ స్త్రీల పేర్లు శిలాఫలకాల మీద కనిపించవు, వాళ్లు లేకుండా మీ చరిత్ర సగమే.

ప్రశ్న: సభ్యుల జాబితా మొత్తం అచ్చువేయవచ్చా?

జవాబు: గతించినవారి పేర్లు కుటుంబాన్ని అడిగి వేయండి. బతికున్నవారి పేర్లు మాత్రం ఎవరికి వారు ఒప్పుకుంటేనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదు; ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు తెలంగాణలో బీసీ-సీ కిందికి వస్తారు. అచ్చయిన ఒక్క పేరు ఒక కుటుంబం కుల సర్టిఫికెట్‌కు చిక్కు తేవచ్చు. పూర్తి జాబితాను సంఘం బీరువాలో ఉంచి, పుస్తకంలో ఏడాదివారీ సంఖ్యలు వేస్తే సరిపోతుంది.