ఈమాక్స్ సందేహాలు: ఇనిట్ ఫైలు సగంలో ఆగిపోతే

ప్రశ్న: ఈమాక్స్ టెక్స్ట్ ఎడిటర్ కొత్త వెర్షన్‌కి మారినప్పటి నుంచి అది తెరవగానే ఏదో హెచ్చరిక వస్తోంది. రంగులు, ఫాంటు నేను పెట్టుకున్నట్టే ఉన్నాయి గానీ షార్ట్‌కట్లు ఒక్కటీ పనిచేయడం లేదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే వరస.

జవాబు: మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదండీ. మీ సెట్టింగులు ఉండేది ఇనిట్ ఫైల్లో, అంటే తెరవగానే ఈమాక్స్ చదివే ఫైల్లో. ప్రోగ్రాముని ఎన్నిసార్లు మార్చినా అది మళ్లీ ఆ ఫైలే చదువుతుంది.

రంగులొచ్చాయి, షార్ట్‌కట్లు రాలేదు అన్నారే, సగం జవాబు అందులోనే ఉంది. ఈమాక్స్ ఆ ఫైల్ని పైనుంచి కిందికి వరసగా నడుపుతుంది. మధ్యలో ఎక్కడ ఎర్రర్ వస్తే అక్కడితో ఆగిపోతుంది, ఇక కిందివాటి జోలికి పోదు. అంటే రంగుల లైన్లు దాటాక, షార్ట్‌కట్లు పూర్తయ్యేలోపు ఎక్కడో తేడా కొట్టింది. నేనైతే షార్ట్‌కట్లన్నీ ఫైలు మొదట్లోనే పెట్టుకుంటాను. కింద ఏది పాడైనా కనీసం చేతులు ఆడతాయి.

ముందు టెర్మినల్‌లో ఈమాక్స్ పేరు పక్కన ఒక హైఫన్, పెద్ద బడి క్యూ కొట్టి తెరవండి. మీ సెట్టింగులేవీ చదవకుండా బోసిగా వస్తుంది. అప్పుడు హెచ్చరిక రాకపోతే తప్పు మీ ఫైల్లోనో, మీరు అదనంగా వేసుకున్న ప్యాకేజీల్లోనో ఉన్నట్టు. అది మూసేసి, ఈసారి 'హైఫన్ హైఫన్ డీబగ్ హైఫన్ ఇనిట్' చేర్చి తెరవండి. బ్యాక్‌ట్రేస్ అని, ఎర్రర్ ఏ దారిన వచ్చిందో చూపే ఒక విండో వస్తుంది. చూడ్డానికి భయంగానే ఉంటుంది, కానీ మీకు కావలసినవి రెండే లైన్లు. మొదటి లైన్లో 'వాయిడ్ ఫంక్షన్' అని ఉంటే, దాని పక్కన పేరున్న ఫంక్షన్ ఈమాక్స్‌కి దొరకలేదని అర్థం. తర్వాత కిందికి దిగుతూ 'ఎవాల్ బఫర్' అన్న లైను దగ్గర ఆగండి. అందులో మీ ఇనిట్ ఫైలు పేరు, చివర్లో 'రీడింగ్ ఎట్ బఫర్ పొజిషన్' అని ఒక అంకె ఉంటాయి. ఇనిట్ ఫైలు తెరిచి, ఆల్ట్ జి, ఆ తర్వాత సి నొక్కి ఆ అంకె ఇవ్వండి. కర్సర్ వెళ్లి ఆగిన చోటికి సరిగ్గా పైనున్నదే మనం వెతుకుతున్న ముక్క.

వెర్షన్ మారాకే వచ్చిందంటే రెండు అనుమానాలు. ఎన్నాళ్లుగానో 'ఇది పాతబడింది' అని చెబుతూ వచ్చిన ఫంక్షన్ని ఈసారి తీసేసి ఉండొచ్చు. లేదా ప్యాకేజీలు పాత వెర్షన్‌తో కంపైల్ అయి అలాగే ఉండిపోయి ఉండొచ్చు. రెండోదైతే, 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి 'ప్యాకేజ్ రీకంపైల్ ఆల్' అనే కమాండ్ ఉంది, ఆల్ట్ ఎక్స్ నొక్కి అది ఇవ్వండి. ఎవరి సెట్టింగులో యథాతథంగా తెచ్చి అతికించుకున్నవాళ్లకే ఇక్కడ అసలు టెన్షన్. ఆగిన లైను ఎందుకుందో వాళ్లకే తెలియదు. తెలియని లైన్ని నిర్మొహమాటంగా కామెంట్ చేసేయండి, ఈమాక్స్ దాన్ని నడపకుండా వదిలేస్తుంది. అవసరమైనదైతే నాలుగు రోజుల్లో అదే బయటపడుతుంది.

ప్రశ్న: ఈరోజు తేదీ చొప్పించే చిన్న ఫంక్షన్ రాసి, కంట్రోల్ సి, కంట్రోల్ టి మీద పెట్టాను. మామూలు ఫైల్లో 'కమాండ్‌పి' అని ఏదో ఎర్రర్ చూపిస్తోంది. ఆర్గ్ ఫైల్లో (నోట్సు, పనుల జాబితాలు రాసుకునేది) అయితే తేదీకి బదులు 'టూడూ' అని పడుతోంది!

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. మొదటిది, ఫంక్షన్ లోపల బ్రాకెట్లలో 'ఇంటరాక్టివ్' అన్న మాట రాయడం మరిచారు. అది లేనిదే ఫంక్షన్ కమాండ్ కాదు. మీటకి కట్టినా నడవదు, ఆల్ట్ ఎక్స్‌లోనూ కనిపించదు.

రెండోదానికి ఆర్గ్ ఫైల్లో ఉండగా కంట్రోల్ హెచ్, కె నొక్కి, ఆపైన మీ షార్ట్‌కట్ నొక్కండి. అది ఏ ఫంక్షన్‌ని పిలుస్తోందో ఈమాక్సే చెబుతుంది. 'ఆర్గ్ టూడూ' అని వస్తుంది. మీటలకి అర్థం వెతికేటప్పుడు ఈమాక్స్ ముందు మైనర్ మోడ్‌లని (పైన తగిలించే చిన్న సదుపాయాలు), తర్వాత మేజర్ మోడ్‌ని (ఆ రకం ఫైలుకి తగిన ప్రధాన అమరిక), ఆఖర్న అన్నిచోట్లా వర్తించే గ్లోబల్ పట్టికని చూస్తుంది. మీరు పెట్టింది గ్లోబల్‌లో కాబట్టి ఆర్గ్ మోడ్ మాటే నెగ్గింది. కంట్రోల్ సి తర్వాత కంట్రోల్ లేకుండా ఒట్టి అక్షరం నొక్కే షార్ట్‌కట్లని మీలాంటి వాడకందార్ల కోసమే వదిలేశారు, ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా మీటలు కూడా అంతే. కంట్రోల్ సి, టి పెట్టుకోండి, గొడవ ఉండదు.

ప్రశ్న: తెలుగు ఒత్తులు విడివిడిగా, అక్షరం పక్కన పడుతున్నాయి.

జవాబు: టెర్మినల్ లోపల నడుపుతున్నారా? అయితే అక్షరాలు గీసేది టెర్మినలే, ఈమాక్స్‌ని తిట్టి ప్రయోజనం లేదు. సొంత విండోలోనే ఇలా ఉంటే, కంట్రోల్ హెచ్, వి నొక్కి 'సిస్టమ్ కాన్ఫిగరేషన్ ఫీచర్స్' అడగండి. జాబితాలో హార్ఫ్‌బజ్ ఉండాలి. 2020 నాటి 27వ వెర్షన్ నుంచి ఒత్తుల్ని కూర్చే పని దానిదే. అది ఉన్నా ఒత్తులు విడిపోతుంటే, కర్సర్ని ఆ అక్షరం మీద పెట్టి కంట్రోల్ యు, కంట్రోల్ ఎక్స్, ఈక్వల్ నొక్కండి. ఏ ఫాంట్‌తో గీస్తోందో చూపిస్తుంది. అది తెలుగుకి పనికిరాని ఫాంటైతే 'సెట్ ఫాంట్‌సెట్ ఫాంట్' అనే ఫంక్షన్‌తో తెలుగు లిపికి మాత్రం నోటో సాన్స్ తెలుగు కేటాయించండి. మిగతా ఫాంట్లు మీకు నచ్చినవే ఉంచుకోవచ్చు.